పక్క వల చప్పుడు

నెలీదా కుడిచేత్తో మంచి నారింజలు పెట్టెలో పేరుస్తూ, ఎడమచేత్తో కుళ్ళినవి ఏరి పారేస్తూ, నోటితో కూతుర్ని తిడుతూ ఉండేది. మూడు పనులూ ఒక్కసారే చేసే మనిషి కొంకోర్దియా ఊరు మొత్తం మీద నువ్వొక్కదానివేనని షెడ్డులో తోటి ఆడవాళ్ళు నవ్వేవారు. బడికి సెలవులిచ్చే జూలై చలిలోనే పళ్ళ పని ముమ్మరం. పిల్లను ఇంట్లో చూసే దిక్కు లేదు. మొగుడు వంతెన దాటి, నదికి అవతల ఉరుగ్వాయ్ వైపు వేరే కాపురం పెట్టుకున్నాడు. అందుకని ఎనిమిదేళ్ళ యమీలా సెలవులన్నీ షెడ్డులోనే గడిపేది. ఖాళీ పెట్టెల గుట్ట ఎక్కి, లారీ మీద బిగించి కట్టిన టార్పాలిన్ మీదికి దూకేది. అది విసిరికొడితే గాలిలో ఒక పిల్లిమొగ్గ వేసి అవతల గోనెసంచుల మీద పడేది. మళ్ళీ గుట్ట ఎక్కేది.

ఒకరోజు ఒక మనిషి వచ్చి ఆ పిల్లను చాలాసేపు చూశాడు. తరవాత నెలీదా దగ్గరికి వచ్చాడు.

"అమ్మా, ఆ పిల్ల మీదేనా?"

నెలీదా తలెత్తలేదు. "ఏం పగలగొట్టింది?"

"ఏమీ పగలగొట్టలేదు."

"అయితే ఇంకాసేపట్లో పగలగొడుతుంది. నాది కాదు."

ఆ మనిషి నవ్వాడు. పేరు ఒస్వాల్దో బ్రిత్తోస్. బడిలో డ్రిల్లు మాస్టారు. ఊళ్ళో అందరూ ప్రొఫె అనేవారు. వెనక ఖాళీగా పడున్న షెడ్డు అద్దెకు అడగడానికి యజమాని కోసం వచ్చాడు. రాజధానిలో ఏదో క్లబ్బు మూతబడితే అక్కడి ట్రాంపొలీన్లు రెండు తెచ్చుకున్నాడు. పిల్లలకు ఆట నేర్పి పోటీలకు పంపాలని ఆయన పట్టుదల. వయసులో ఉన్నప్పుడు తనూ ఎగిరినవాడే. నడుము పట్టేసి మానుకున్నాడు.

"ఈ పిల్లను నా దగ్గరికి పంపు. ఇక్కడ లారీ మీద మెడ విరగ్గొట్టుకునే బదులు అక్కడ పద్ధతిగా ఎగురుతుంది."

"అక్కడ మెడ విరగదా?"

"నేనుంటాగా, కాపు కాస్తా," అన్నాడు ప్రొఫె.

నెలీదాకు ఆ మాట నచ్చింది. పిల్ల మీద కన్నేసి ఉంచే మనిషి ఒకడు దొరికాడు, అది చాలు.

అలా యమీలా వెనక షెడ్డుకు వెళ్ళింది. ఇనుప చట్రం, చుట్టూ స్ప్రింగులు, మధ్యన పట్టీలతో అల్లిన వల, వల నడిబొడ్డున ఎర్ర క్రాసు గుర్తు. ఆ గుర్తు మీద పడాలి, దాని మీదనుంచే లేవాలి. మధ్యలో ఆగకుండా పది ఎగురుళ్ళు, ప్రతి ఎగురులో ఒక మొగ్గ, మొగ్గలో మెలికలు. ఆ పదీ కలిపితే ఒక వరస. న్యాయనిర్ణేతలు మూడే చూస్తారు: ఎంత పైకి వెళ్ళావు, ఎంత శుభ్రంగా తిరిగావు, గుర్తుకు ఎంత దగ్గరగా పడ్డావు. మిగతా పిల్లలకు నెలలు పట్టినవి యమీలాకు రోజుల్లో వచ్చాయి. పైకి వెళ్ళడం మాత్రం ఎవరూ నేర్పలేదు. అది ఆమె ఒంట్లోనే ఉంది. మిగతావాళ్ళు వల తోస్తే లేచేవాళ్ళు. ఈమె వలను తొక్కి, దాని మెడలు వంచి లేచేది. పైన ఒక క్షణం ఆగేది. అక్కడ బరువు లేదు, అమ్మ తిట్లు లేవు, వంతెన అవతల నాన్న లేడు. ఇంటికెళ్ళాక అమ్మతో, "పైన చెవుల్లో ఏమీ వినపడదమ్మా" అని చెప్పింది.

"కింద కూడా నీకేం వినపడదు గాని, ఆ గిన్నెలు కడుగు," అంది నెలీదా.

ప్రొఫెకు ఒక కూతురు. ఐలేన్. యమీలా ఈడుదే. సన్నగా, పొడుగ్గా, బొమ్మలా ఉండేది. గాలిలో కాళ్ళు జోడిస్తే మధ్యలో కాగితం కూడా దూరదు. కాలివేళ్ళు సూదిలా సాగేవి. చూసినవాళ్ళు అబ్బా అనేవారు. ఒక్కటే లోటు, ఎత్తు లేదు. ఎంత తొక్కినా వల ఆ పిల్లను ఒక హద్దుకు మించి పంపేది కాదు. పిల్లలిద్దరూ మొదట్లో కొట్టుకున్నారు. తరవాత ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే రొట్టె విరుచుకు తిన్నారు. ఆదివారాలు యమీలా ప్రొఫె ఇంట్లోనే భోజనం. పెరట్లో నిప్పుల మీద మాంసం కాలుస్తూ ఆయన, "నల్లపిల్లా, నీకు పక్కటెముక ముక్క. పైకెగిరేవాళ్ళకి కండ కావాలి," అని ముందు ఆమె పళ్ళెంలోనే వేసేవాడు. నాన్న లేని పిల్ల ఆ ముక్కను ఎంత ఇష్టంగా తినేదో చెప్పలేం.

పదమూడో ఏట ప్రొఫె ఇద్దర్నీ జంట చేశాడు. జంటపోటీలో రెండు ట్రాంపొలీన్లు పక్కపక్కన ఉంటాయి. ఇద్దరూ ఒకే వరస, ఒకే క్షణంలో చెయ్యాలి. ఇద్దరి పాదాలూ ఒక్కసారే వలను తాకాలి. రెప్పపాటు తేడా వచ్చినా మార్కులు పోతాయి. ఎత్తు ఎగిరినవాళ్ళు ఆలస్యంగా దిగుతారు, కనక ఇద్దరి ఎత్తూ ఒకటే కావాలి.

మొదటిరోజు ప్రొఫె యమీలాను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా. మా ఐలూ ఎగిరే ఎత్తు ఇక పెరగదు. నువ్వు తగ్గగలవు. తగ్గడం ఎక్కువ కష్టం, తెలుసా? అందుకే నిన్నడుగుతున్నా."

యమీలా ఛాతీ పొంగింది. కష్టమైన పని తనకే ఇచ్చాడు. వలను తాకేటప్పుడు మోకాళ్ళు వెంట్రుకవాసి వంచి, వల ఇచ్చే ఊపును కొంచెం మింగెయ్యడం నేర్చుకుంది. గాలిలో తిరుగుతుంటే పక్క వల కనపడదు. అందుకని చెవితో పట్టుకుంది. పక్క స్ప్రింగుల చప్పుడు, తన స్ప్రింగుల చప్పుడు ఒక్కటై వినపడితే సరిపోయినట్టు. రెండుగా వినపడితే తను ఇంకా మింగాలి. ఏళ్ళ తరబడి అదే పని. ఇద్దరూ జట్టుగా దేశమంతా తిరిగారు, పొరుగుదేశాలకు వెళ్ళారు, పతకాలు తెచ్చారు. ఊరి పత్రిక 'మన నారింజ కవలలు' అని బొమ్మ వేసింది. నెలీదా ఆ కాగితాన్ని షెడ్డులో పళ్ళు తూచే యంత్రం పక్కన అంటించింది.

ఒంటరి పోటీలూ ఉండేవి. వాటికి యమీలా సాధన జంట సాధన అయ్యాక మిగిలిన కాస్త సమయంలోనే. అప్పటికి కాళ్ళు పీకేవి. అయినా తన ఎత్తు తను ఎగరచ్చని ఆ కాసేపటి కోసమే పొద్దుటినుంచీ ఎదురుచూసేది.

ఒకసారి పొరుగుదేశంలోని అసున్సియోన్‌లో పోటీ ముగిశాక, స్నానాల గదిలో ఒక ముసలి న్యాయనిర్ణేత ఆమె పక్కన చేతులు కడుక్కుంటూ అద్దంలోంచి చూసింది.

"నువ్వు ఎడమ వల పిల్లవు కదా?"

"అవునండీ."

"ఎవరి కోసమే ఆ మోకాళ్ళు వంచుతున్నావు?"

 ఆవిడ చేతులు తుడుచుకుని, "జాగ్రత్త. ఒళ్ళు మంచి విద్యార్థి. చెడ్డపాఠం కూడా మరిచిపోదు," అని వెళ్ళిపోయింది. యమీలా ఆ మాట ప్రొఫెతో చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు. "ఆ ముసల్ది జీవితంలో ఎప్పుడైనా వల ఎక్కిందా అడగలేకపోయావా?"

ఇరవయ్యో ఏట ఖండం మొత్తానికి జరిగే పెద్ద పోటీలు వచ్చాయి. జంటగా ఇద్దరూ వెళ్ళచ్చు. ఒంటరి పోటీకి ఆడపిల్లల్లో దేశానికి ఒక్కటే చోటు. ఆ ఏడు జాతీయపోటీల్లో ఒంటరిగా యమీలా మొదటిస్థానం, ఐలేన్ మూడోస్థానం. అయితే జంట కూడా అదే క్లబ్బు గనక ఎవర్ని నిలబెట్టాలో గురువునే తేల్చమన్నారు సమాఖ్యవాళ్ళు. యమీలా తేలిపోయిందనే అనుకుంది. ఆదివారం పెరట్లో అందరూ కూర్చున్నాక ప్రొఫె మాంసం కోసే కత్తి పక్కన పెట్టి చెప్పాడు.

"జంటకు ఇద్దరూ. ఒంటరికి ఐలేన్. బయటిదేశాల జడ్జీలు శుభ్రత చూస్తారు. ఐలూది శుభ్రమైన ఆట. యమీలాకు ముందుముందు చాలా పోటీలున్నాయి." అని పక్కటెముక ముక్క తీసి యమీలా పళ్ళెంలో వేశాడు.

ఐలేన్ పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయింది. యమీలా, "సరే ప్రొఫె," అంది.

ఇంటికి వచ్చి చెబితే నెలీదా తొక్క తీస్తున్న బంగాళాదుంపను సింకులోకి విసిరింది.

"సరే అన్నావా? నోట్లో ఉన్నది నాలుకా, నారింజ తొక్కా?"

"ఆయన గురువమ్మా. ఆలోచించే చేసుంటాడు."

"ఆలోచించే చేశాడే పిచ్చిదానా. బాగా ఆలోచించే చేశాడు. కన్నకూతురు కన్నకూతురే, పెట్టిన ముక్క పెట్టిన ముక్కే."

యమీలా గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఏడవలేదు. రెండువారాలపాటు మామూలుగానే సాధనకు వెళ్ళింది, మామూలుగానే మోకాళ్ళు వంచింది.

ఆ శనివారం పొద్దుటినుంచీ వాన. వల చుట్టూ నిలబడి కాపు కాసే కుర్రాళ్ళు ఎవరూ రాలేదు. ప్రొఫెకు రేడియోవాళ్ళ ఫోను వచ్చింది. పెద్దపోటీల గురించి మాట్లాడాలట. షెడ్డులో వాన మోత, వినపడటం లేదని ఫోను పట్టుకొని తలుపు బయట చూరు కిందికి వెళ్ళాడు. వెళ్తూ, "నేనొచ్చేదాకా ఎవరూ ఎక్కకండి," అన్నాడు. ఎప్పుడూ చెప్పే మాటే.

ఆయన అటు వెళ్ళగానే ఐలేన్ తన వల ఎక్కింది.

"ఎక్కు యమీ."

"మీ నాన్న రానీ."

"నాన్న వస్తే ఎగరనివ్వడు. అందుకే ఇప్పుడు." కాసేపు ఊరికే కాళ్ళతో వలను ఊపింది. "పన్నెండేళ్ళుగా నీ పక్కన ఎగురుతున్నా. నా పక్కన నువ్వు నీ అసలు ఎత్తు ఒక్కసారీ ఎగరలేదు. ఇవాళ ఆపుకోకు. నేనొస్తా నీ వెనకే."

"నీకేమైనా పిచ్చా? నెల కూడా లేదు పోటీకి."

"అక్కడికి వెళ్ళాక అందరూ నన్ను చూస్తారు యమీ. దీన్ని ఎందుకు పంపారు, ఇంతేనా దీని ఎత్తు అంటారు. నేను ఎగరగలనో లేదో ఇక్కడే తేలిపోనీ. నువ్వు లేస్తే నేను లేస్తా. నాకు తెలుసు. ఎక్కవే!"

యమీలా ఎక్కింది. ఎందుకు ఎక్కావని తరవాత చాలామంది అడిగారు. స్నేహితురాలు అడిగింది, ఎక్కింది. ఇంకొకటి కూడా ఉంది. జంట కట్టిన ఏడేళ్ళలో ఎవరైనా ఆమెను ఆపుకోవద్దని అడగడం అదే మొదటిసారి.

ఇద్దరూ ఊపు అందుకున్నారు. ఐలేన్ "ఇప్పుడు!" అని అరిచింది. యమీలా వలను నిండా తొక్కింది. పైకప్పు రేకుల మీద వాన ఆమె ముఖానికి దగ్గరగా వచ్చింది. మొదటి ఎగురు, రెండోది, మూడోది. పక్క వల చప్పుడు తన దానికంటే ముందే వచ్చింది. తరవాత తన దానితో కలిసింది. కలిసిందని ఆమె గుండె ఆనందంతో ఎగిరింది. ఐలూ అందుకుంది! అయిదో ఎగురులో యమీలా దిగింది, చప్పుడు ఒక్కటే వినపడింది, తనది. దాని తరవాత వేరే చప్పుడు వచ్చింది. అది వల చప్పుడు కాదు. ఇనుప చట్రం మీద ఎముక పడిన చప్పుడు.

ఐలేన్ చట్రానికి స్ప్రింగులకు మధ్య పడి ఉంది. కుడికాలు మోకాలి దగ్గర వెళ్ళకూడని వైపు వెళ్ళింది. మొదట అరవలేదు. ప్రొఫె పరిగెత్తుకొచ్చాడు. కూతుర్ని చూసి, తరవాత ఇంకా వల మీదే నిలబడి ఉన్న యమీలాను చూశాడు.

"ఎవరు చెప్పారే నిన్ను పైకెళ్ళమని?"

"ఐలేనే ప్రొఫె... ఐలూ అడిగింది..."

"నోర్ముయ్! దిగు! నా షెడ్డులోంచి వెళ్ళిపో!"

ఆసుపత్రికి యమీలా మూడుసార్లు వెళ్ళింది. మూడోసారి గాని లోపలికి పంపలేదు. ఐలేన్ కాలికి ఇనుపచువ్వలు గుచ్చి వేలాడదీశారు. ముఖం మంచం మీది తెల్లదుప్పటిలా ఉంది. పక్కన వాళ్ళమ్మ కూర్చుని ఉంది.

"ఐలూ, చెప్పు నాన్నకి. నువ్వే కదా అడిగావు."

ఐలేన్ తల్లి వైపు ఒకసారి చూసింది. కళ్ళు మూసుకుంది. "నాకేం గుర్తులేదు యమీ. గాలిలో ఉన్నాను, అంతే గుర్తు."

అంతే. ఆ మాటతో ఊళ్ళో తీర్పు అయిపోయింది. అసూయతో కావాలనే ఎత్తు ఎగిరిందట, అందుకోబోయి పాపం ఆ పిల్ల పడిందట. ప్రొఫె పేరుపెట్టి ఏమీ అనలేదు. రేడియోలో మాత్రం, "కొందరికి దేవుడు ఎత్తు ఇస్తాడు, మనసు ఇవ్వడం మరిచిపోతాడు," అన్నాడు. కొంకోర్దియాలో ఆ కొందరెవరో చెప్పక్కర్లేదు. ఒంటరి పోటీకి రాజధాని పిల్ల ఎవరో వెళ్ళింది. యమీలాను క్లబ్బునుంచి తీసేశారు. క్లబ్బు లేనిదే పోటీ లేదు.

నారింజ షెడ్డులో పని మధ్య ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని మాతే అనే ఆకు కషాయం తాగేవారు. ఒకే సొరకాయ బుర్ర, ఒకే గొట్టం, వేడినీళ్ళు పోసిన బుర్ర చేతినుంచి చేతికి తిరిగేది. ఆ వారం బుర్ర నెలీదా పక్కదాకా వచ్చి, ఆమెను దాటి అవతలిదాని చేతిలోకి వెళ్ళింది.  నెలీదా లేచి వెళ్ళి నారింజలు ఏరడం మొదలుపెట్టింది. మర్నాడు తన బుర్ర తను తెచ్చుకుంది. పని మానేసేదాకా ఒంటరిగానే తాగింది. యంత్రం పక్కనున్న పత్రికబొమ్మను ఎవరో సగానికి చింపారు. ఐలేన్ ఉన్న సగం అక్కడే ఉంది.

నెలీదా ఒకసారి ప్రొఫె ఇంటికి కూడా వెళ్ళింది. గేటు బయట నిలబడి, "నా పిల్లకు కాపు కాస్తానన్నావే, దోన్ ఒస్వాల్దో! ఇదేనా కాపు?" అని వీధి వీధంతా వినేలా అరిచింది. లోపలినుంచి ఎవరూ రాలేదు. ఎదురింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు.

యమీలా రొసారియోలో పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. అక్కడ ట్రాంపొలీన్ ఆట నేర్పే బెత్తీనా అనే ఆమె దగ్గర చేరింది. బెత్తీనా మంచి మనిషి, నోరు కటువు, చెయ్యి మెత్తన. మొదటిరోజు ఎగురుడు చూసి, "ఇదేనా నీ ఎత్తు? నీ గురించి వేరేగా విన్నానే," అంది.

"ఇది కాదు."

"మరి చూపించు."

యమీలా చూపించలేకపోయింది. వల తాకే క్షణంలో మోకాళ్ళు వాటంతటవే వంగి ఊపు మింగేసేవి. వద్దనుకున్నా వంగేవి. దానికితోడు కుడిపక్క ఎవరూ లేకపోయినా చెవి అటే వెళ్ళేది. ఆ చప్పుడు రాకపోతే గాలిలో తను ఎక్కడుందో తెలిసేది కాదు. ఒక్కొక్కసారి ఇనుపచట్రం చప్పుడు వినపడి, సగం మెలికలో ఒళ్ళు బిగుసుకునేది. బెత్తీనా చెవుల్లో దూది పెట్టి ఎగరమంది. చిన్న ఎగురుళ్ళనుంచి మళ్ళీ మొదలుపెట్టించింది. అయినా అసున్సియోన్ ముసల్దాని మాటే నిజమైంది.

ఆరేళ్ళు అలా పెనుగులాడింది. జాతీయపోటీల్లో అయిదో స్థానం, ఏడో స్థానం. ఒకసారి జట్టులో అదనపు మనిషిగా పేరు వచ్చింది. బయల్దేరే ముందు తీసేశారు. ఇతర ఊళ్ళవాళ్ళు ఆమె వెనక గుసగుసలాడేవారు: ఇదే, స్నేహితురాలి కాలు విరగ్గొట్టింది. ఎవరూ ఆమెతో జంట కట్టలేదు. ఒక్క పొద్దున మాత్రం, ఎందుకో తెలియదు, సాధనలో మోకాళ్ళు వంగలేదు. పది ఎగురుళ్ళూ నిండుగా, గుర్తు మీదనే పడ్డాయి. బెత్తీనా నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఆ పొద్దున హాలులో వాళ్ళిద్దరూ, నేల తుడిచే ఆవిడా తప్ప ఎవరూ లేరు. "మళ్ళీ చెయ్యి," అంది బెత్తీనా. మళ్ళీ రాలేదు. ఆ తరవాతి పోటీలో చీలమండ విరిగింది. అప్పటికి ఇరవయ్యారేళ్ళు. చాలు అనుకుంది. చాలు అనుకున్నప్పుడు దుఃఖం కూడా రాలేదు, అది ఇంకా అసహ్యంగా అనిపించింది.

నెలీదా చేతులు పట్టేసి పనికి రాకుండా పోయాయి. చూసుకోవడానికి యమీలా ఊరికి తిరిగొచ్చింది. ఊరి బయట వేడినీటి ఊటల స్నానాలయంలో పని దొరికింది. తువ్వాళ్ళు ఇవ్వడం, తడిసినవి తీసుకోవడం, కొలను గట్టున జారిపడేవాళ్ళ మీద కన్నేసి ఉంచడం. కీళ్ళనొప్పుల ముసలివాళ్ళు మెడదాకా నీళ్ళలో మునిగి, తేలే పలక మీద పేకాడుకునేవారు. "అమ్మాయ్, నువ్వు ఒకప్పుడు ఎగిరేదానివటగా?" అని ఎవరైనా అంటే, "ఇప్పుడు తువ్వాళ్ళు విసురుతున్నా, పట్టుకోండి తాతా," అనేది.

ఐలేన్ మళ్ళీ ఎగరలేదు. చదువుకుని నగరపాలకసంస్థలో ఆటల విభాగానికి పెద్ద అయింది. పెళ్ళయింది, పిల్లలు. కొద్దిగా కుంటేది. ఊళ్ళో ఎదురుపడితే ఇద్దరూ వీధి మారేవారు. ప్రొఫెకు సన్మానాలు జరిగాయి. ఊపిరితిత్తుల జబ్బుతో చాలాకాలం తీసుకుని పోయాడు. శవం వెనక బడిపిల్లలంతా నడిచారు. యమీలా వెళ్ళలేదు.

ఆయన పోయిన ఏడాది చలికాలంలో ఐలేన్ స్నానాలయానికి వచ్చింది. మోకాలికి వేడినీళ్ళు పట్టమన్నాడట డాక్టరు. తువ్వాళ్ళిచ్చే కిటికీ దగ్గర యమీలాను చూసి ఆగిపోయింది.

"పెద్దదా, చిన్నదా?" అంది యమీలా.

"ఏంటి?"

"తువ్వాలు."

"పెద్దది."

వారంవారం అలాగే వచ్చేది. తువ్వాలు తప్ప ఇంకో మాట లేదు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం నీళ్ళలోంచి లేచి గట్టున కూర్చుంది. ఒళ్ళంతా ఆవిర్లు. తడి తువ్వాళ్ళు ఏరుకుంటూ అటు వచ్చిన యమీలాను, "ఒక్క నిమిషం కూర్చో యమీ," అంది.

"పనిలో ఉన్నా."

"నాన్నకు చెప్పాను. ఆసుపత్రిలో, పోయే ముందు."

యమీలా తువ్వాళ్ళ బుట్ట కింద పెట్టింది. "ఏం చెప్పావు?"

"నేనే ఎక్కించానని. ఆపుకోవద్దని నేనే అన్నానని. అంతా గుర్తుందని."

"ఏమన్నాడు?"

ఐలేన్ తన మోకాలి మీది మచ్చలు రుద్దుకుంది. "తెలుసన్నాడు."

పేకాట ముసలివాళ్ళు ఏదో ముక్క పడి గొల్లున నవ్వారు.

"ఎలా తెలుసు?"

"తలుపు దగ్గరే ఉన్నాడట. ఫోను అప్పటికే పెట్టేశాడట. మనం మాట్లాడుకున్నదంతా విన్నాడు."

"విని?"

"ఆపుదామనే లోపలికి అడుగు వేశాడట. కానీ..." ఐలేన్ నీళ్ళవైపు ముఖం తిప్పుకుంది. "ఒక్కసారి చూద్దాం అనిపించిందట. నేను ఎగరగలనో లేదో. నిన్ను అందుకోగలనో లేదో. అక్కడే నిలబడి చూశాడు యమీ. నాలుగో ఎగురులో అందుకున్నానట. అది చూశానే అని ఏడ్చాడు."

యమీలా బుట్టలో తడి తువ్వాళ్ళు సర్దింది. కాపు కాయాల్సిన మనిషి తలుపు దగ్గర నిలబడి కూతురు ఎగరడం చూశాడు. కూతురు పడింది. ఆ తప్పు మొయ్యడానికి ఎవరో ఒకరు కావాలి. దగ్గర్లో వల మీద నాన్న లేని పిల్ల ఒకతె నిలబడి ఉంది.

"ఇప్పుడు ఎందుకు చెబుతున్నావు?" అంది.

"కొత్త ఆటల హాలు కట్టించాం, చూశావుగా, స్టేషను వెనక. అక్టోబరులో తెరుస్తున్నాం. దానికి నాన్న పేరు పెడుతున్నాం. నువ్వు వేదిక మీద ఉండాలి. ఈ ఊరినుంచి పతకాలు తెచ్చింది మనిద్దరమే. నువ్వు రాకపోతే అందరూ పాత కథలు తవ్వుతారు."

యమీలాకు నవ్వొచ్చింది. "వస్తే?"

"వస్తే అంతా సర్దుకుందని అనుకుంటారు. నీకూ మంచిదే కదా."

"వస్తాను. ఇప్పుడు నాకు చెప్పింది అక్కడ మైకులో చెబుతావా?"

ఐలేన్ ముఖం అదే పాత ఆసుపత్రి దుప్పటిలా పాలిపోయింది. "అమ్మ ఉంది యమీ. పెద్దదైపోయింది. ముందువరసలో కూర్చుంటుంది. ఆవిడ తట్టుకోలేదు."

"మా అమ్మ కూడా ఉంది."

 ఐలేన్ లేచి, గోడ పట్టుకుంటూ బట్టల గదివైపు నడిచింది. ఆమె మళ్ళీ ఆ స్నానాలయానికి రాలేదు. ఊళ్ళో ఇంకో చోట కూడా వేడినీళ్ళు ఉన్నాయి.

అక్టోబరులో హాలు తెరిచారు. గుమ్మం మీద ఇత్తడి అక్షరాలతో ఒస్వాల్దో బ్రిత్తోస్ అని రాశారు. వేదిక మీద ఐలేన్ మాట్లాడిందట. నాన్న ప్రతిపిల్లకూ కాపు కాశాడని అందట. చాలామంది కళ్ళు తుడుచుకున్నారట. ఈ సంగతులన్నీ తువ్వాళ్ళు తీసుకునేవాళ్ళు కిటికీలోంచి యమీలాకు చెప్పారు. చెప్పి, ఆమె ముఖం ఎలా మారుతుందో చూశారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె అమ్మకు అన్నం కలిపి తినిపిస్తూ జరిగిందంతా మొదటిసారి చెప్పింది. ఇన్నేళ్ళూ అమ్మ అడగలేదు, అమ్మకు చెప్పక్కర్లేదనుకుని తనూ చెప్పలేదు. ఐలేన్ అడగడం, తను ఎక్కడం, తలుపు దగ్గర ప్రొఫె, అన్నీ. నెలీదా వంకర్లుపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, నమలడం మానేసి వింది.

"అంటే," అంది, "నువ్వు కావాలని చెయ్యలేదా?"

యమీలా చెంచా గాలిలోనే ఆగింది. "ఏంటమ్మా?"

"ఆ పిల్లను పడెయ్యాలని నువ్వు... నేను కావాలనే చేశావనుకున్నానే. ఇన్నాళ్ళూ."

"నువ్వు కూడానా?"

"అయితే ఏమైంది?" నెలీదా గొంతు పైకి లేచింది. "చేసినా నేను నీ పక్షానే ఉన్నానా లేదా? వాళ్ళ గేటు ముందు అరిచానా లేదా? షెడ్డులో ఒక్కరితో మాట్లాడలేదు. చేసిందా, మంచిపని చేసింది, అని మనసులో అనుకున్నా. వాళ్ళు నీకు చేసిన అన్యాయానికి అదే సరి అనుకున్నా. ఒక్కనాడైనా నిన్నో మాటన్నానా?"

"అనలేదమ్మా."

"మరి?"

యమీలా చెంచా పళ్ళెంలో పెట్టింది. ఊరంతా నమ్మినా అమ్మ నమ్మలేదని, లోకంలో ఆ ఒక్క మనిషికి తన సంగతి తెలుసని అనుకుంటూ ఇన్నేళ్ళు బతికింది. ఆ మాట బయటికి అనలేదు. అంటే ముసలిది ఇంకా అరుస్తుంది, లేకపోతే ఏడుస్తుంది. ఆ రెండూ వినే ఓపిక ఆమెకు ఆ పూట లేదు.

"చల్లారిపోతోంది, తిను," అంది.

నెలీదా నోరు తెరిచింది. యమీలా మిగిలిన అన్నమంతా ఓపిగ్గా తినిపించి, మూతి తుడిచి, పళ్ళెం కడిగి బోర్లించింది. తరవాత పనికి వెళ్ళాలని చెప్పి బయల్దేరింది. ఆ రోజు ఆమెకు పని లేదు. నది గట్టుదాకా నడిచి, అవతల ఉరుగ్వాయ్ ఒడ్డు చూస్తూ కూర్చుంది. చీకటిపడక ముందే ఇంటికొచ్చింది, అమ్మకు మందులు వెయ్యాలి కనక.